తూము మలుపు దగ్గర దీపం

చినలంక, మండవల్లి మండలం
2024 జూన్ 9

కుమార్తె రూతుకు మీ సీమోను బాబాయి వ్రాయునది.

కవరు మీద నా చేతిరాత చూడగానే విప్పకుండా పక్కన పడేస్తావని తెలుసు. అందుకే మొదటి మాటే చెప్పేస్తున్నాను: ఇది బండి గురించి. మీ నాన్న బుల్లెట్టు గురించి. నా మీద ఉన్న కోపం బండి మీద చూపించవు కదా!

అన్నయ్య పోయాక "అది నా కళ్ళబడకూడదు" అన్నావు. నేను తెచ్చుకున్నాను. లంక ఊళ్ళలో సాయంకాలపు ప్రార్థన కూడికలకి దాని మీదే తిరుగుతున్నాను. నీకంటే వయసులో పెద్దదైనా ఇంజను ఇంకా సింహమే. రోగమంతా ఛార్జింగులో ఉంది. దీపం వేస్తే చాలు, హెడ్‌లైటు డూము మీది అమ్మీటరు సూది, బ్యాటరీ ఖాళీ అవుతోందన్నట్టు, ఎడమకి వాలిపోతుంది. ఎంత తోలినా కుడికి రానంటుంది. బ్యాటరీలో నీళ్ళు పోసి, ఏలూరు తీసుకెళ్ళి ఛార్జింగు పెట్టించి తెస్తే, నాలుగు ఊళ్ళు తిరిగేసరికి మళ్ళీ చస్తుంది. ఈ ఆరు వోల్టుల దీపమూ ఆముదపు దీపమూ ఒకటేనమ్మా. బుద్ధిలేని కన్యకల గురించి గొంతు చించుకుని బోధించి బయటికొస్తే నా దివిటీలోనే నూనె ఉండదు!

ఇంకొకటుంది. రాయాలా వద్దా అని రెండు ఆదివారాలు ఆలోచించాను. చేపల చెరువుల మధ్య గట్టు మీద తూము మలుపు నీకు చెప్పక్కర్లేదు. అక్కడికి రాగానే ప్రతిసారీ దీపం ఆరిపోతోంది. దీపమే కాదు, ఇంజనూ ఆగిపోతోంది. ఒక్కసారిగా చీకటి, ఒక్కసారిగా నిశ్శబ్దం. కప్పలు కూడా నోరు మూస్తాయి. మలుపు దాటించి కాస్త ముందుకి నెట్టానా, తనంతట తానే వెలుగుతుంది. ఇంకెక్కడా ఇలా జరగదు. అన్నయ్య నీళ్ళలోకి వెళ్ళిన ఆ చోటనే.

నేను దయ్యాలకి జడిసే రకం కాదు. దయ్యాలే నా గొంతుకి జడవాలి. బ్యాటరీ మార్చాలో, ఇంకేం మార్చాలో చూసి రాయి. ఫోను వదిలేశానని తెలుసుగా. అరచేతిలో పాపపు బబులోను అది.

ఆయన కృప నీ గుమ్మం దగ్గర ఆగి తలుపు తట్టును గాక.
సీమోను


తాడేపల్లిగూడెం
2024 జూన్ 17

బాబాయ్ గారికి,

మీకు ఫోను లేకపోవడమే మంచిదైంది. మీ గొంతు వింటే నాకు నాన్న శవపెట్టె ముందు మీరు నోరు మూసుకుని నిలబడిన రోజే గుర్తొస్తుంది. లంకలన్నిట్లో ఎవరు పోయినా ప్రార్థన చేసే నోరు, సొంత అన్న దగ్గర మూతపడింది. "తన ప్రాణం తాను తీసుకున్నవాడికి నేను ప్రార్థన చెయ్యను" అన్నారు. పాట లేకుండా, మాట లేకుండా నాన్న మీద మట్టి వేశాం. ఆ సాయంకాలం తూము మలుపు దాటి వచ్చేశాను. మళ్ళీ ఆ మలుపు దాటి ఊళ్ళోకి రాను. ఈ సంగతి నేను మళ్ళీ ఎత్తను, మీరూ ఎత్తకండి.

ఇక బండి. మా ఐ.టి.ఐ. పిల్లలకి చెప్పినట్టే చెప్తాను. బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్లటి పొడి పేరుకుని ఉంటే వేడినీళ్ళతో కడిగి, ఆరాక వాజలీను రాయండి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర వోల్టులు కొలిపించండి. ఏలూరులో నాన్నకి తెలిసిన మెకానిక్ జోగారావు గారి దగ్గర మీటరు ఉంటుంది. యాక్సిలరేటర్ ఇచ్చినా ఏడు దగ్గరికి రాకపోతే లోపల కరెంటు పుట్టించే కాయిల్స్ కాలిపోయినట్టు.

ఒక ప్రశ్నకి మాత్రం సూటిగా జవాబు రాయండి. ఆ మలుపులో మీరు ఎడమకి తిరుగుతారా, కుడికా? ఎంతవరకు తిరుగుతారు? తిన్నగా వెళ్ళేటప్పుడు ఎప్పుడైనా ఆరిందా?

రూతు


చినలంక
2024 జూన్ 30

రూతుకు,

ఎడమా కుడా అని అడిగావు. నాకు అర్థం కాదనుకున్నావా? తీర్పు దినాన కుడి పక్కన నీతిమంతులైన గొర్రెలు, ఎడమ పక్కన శాపగ్రస్తులైన మేకలు. నెల్సను అన్నయ్యని నేను ఏ పక్కన నిలబెట్టానని కదా పొడుస్తున్నావు! ఎత్తనంటూనే ఎత్తావు. కనుక చెప్తాను, విను.

చెరువులో చేపలన్నీ తెల్లగా తేలిపోయిన ఏడాది అది. అన్నయ్య గట్టున కూర్చుని ఎవరితోనూ పలికేవాడు కాదు. ఈస్టరు దాటిన వారంలోనే ఆ పని జరిగింది. తూము మలుపులో ఎంత మొనగాడైనా మొదటి గేరులో పాకవలసిందే. పాకే బండి మీద నుంచి ఎవడు పడతాడు? కొల్లేట్లో పుట్టి తాబేలులా ఈదే మనిషి, బండిని పైకి లేపితే గానీ దొరకలేదు. నడుంలోతు నీళ్ళు! తాను మునగాలనుకుంటే తప్ప ఎలా మునుగుతాడు? ఊరు మొత్తం అదే అంది. నేను ఊరికి జడిసి అనలేదు. దేవుని వాక్యానికి జడిసి నోరు మూసుకున్నాను. నీకు రూతు అని పేరు పెట్టింది నేనే. విడిచి వెళ్ళననే మనిషి పేరు అది. ఎంత బాగా నిలబెట్టావమ్మా!

సరే, బండి. టెర్మినల్స్ కడిగాను, వాజలీను రాశాను. జోగారావు మీటరు పెట్టి చూసి, "కాయిల్స్ అయిపోయాయండి అయ్యగారూ, ఇది ఛార్జింగు కాదండి, ఉపవాసమండి" అన్నాడు.

మొన్న పాపాయమ్మని వెనక ఎక్కించుకుని వస్తున్నాను. మన ప్రార్థన ఇంట్లో ముందు వరుసలో కూర్చునే ముసలామె, గుర్తుందిగా. తూము దగ్గర మామూలుగానే చీకటి, నిశ్శబ్దం. ఆవిడ కంగారు పడలేదు. నా భుజం తట్టి, "ఆగండి అయ్యగారండీ, నెల్సనయ్యేనండి. పలకరించేసి పోతారండి" అంది. వీధి అరుగు మీద చుట్టం కూర్చున్నట్టు! గద్దించాను. ఆవిడ వినకుండా చీకట్లోకి తిరిగి, "ఏం నాయనా, అన్నం తిన్నావా?" అని అడిగింది.

నీళ్ళలో ఏదో కదిలింది. చేపే అయ్యుంటుంది. నేను మాత్రం బండిని గబగబా మలుపు దాటేదాకా నెట్టాను.

బిలాము గాడిద కథ నీకు నేనే చెప్పాను. ఇరుకు సందులో దూత నిలబడి ఉంటే గాడిదకి కనబడింది, మీదెక్కినవాడికి కనబడలేదు. ఈ బండికి అక్కడ ఏం కనబడుతోంది రూతూ?

కోపంలోనూ నిన్ను విడువని ఆయన చేతులకి నిన్ను అప్పగిస్తూ,
సీమోను


తాడేపల్లిగూడెం
2024 జూలై 12

బాబాయ్ గారికి,

గొర్రెలూ మేకలూ నాకు తెలియవు. హ్యాండిలు గురించి అడిగాను. మీతో ఒక మాట మాట్లాడాలంటే బైబిల్లోని అరవై ఆరు పుస్తకాలూ దాటుకుని రావాలి.

మా ఆఫీసులో ఒకాయనది కైకలూరు. మీ కూడికకి వాళ్ళమ్మ గారు వెళ్ళారట. "దీపం ఆరిపోయే మలుపు" అని మా నాన్న మీద గంటసేపు చెప్పారట కదా! జనం ఏడ్చారట కూడా. ప్రార్థన చెయ్యడానికి పనికిరాని మనిషి ప్రసంగానికి పనికొచ్చాడన్నమాట. చాలా సంతోషమండి.

ఈ ఉత్తరంతో పాటు ఆర్టీసీ పార్సిల్లో ఒక రేకు పెట్టె వస్తుంది. పన్నెండు వోల్టుల స్టేటర్, రెగ్యులేటర్, కొత్త బ్యాటరీ, ఇగ్నిషన్ కాయిల్, హారను, బల్బులు అన్నీ ఉన్నాయి. అడుగున చుట్ట చుట్టి కొత్త వైరింగు మొత్తం పెట్టాను. ఇది మీ మీద ప్రేమతో అనుకోకండి. ఆ మలుపు ఇంకొకరిని తీసుకుంటే, మిమ్మల్ని పూడ్చేటప్పుడు ఎవరు నోరు మూసుకుని నిలబడాలి? నేనా?

పాత బట్టకి కొత్త మాసిక వెయ్యొద్దని ఆదివారం బడిలో మీరే నేర్పారు. పాత వైరు ఒక్కటి కూడా మిగల్చవద్దు. ఒక్కటి కూడా. జోగారావు గారికి ఈ ముక్క చదివి వినిపించండి. పనయ్యాక ఇంజను నడిపి బ్యాటరీ దగ్గర కొలిస్తే పద్నాలుగు దాకా రావాలి. అంతకు మించిపోతే రెగ్యులేటర్ ఎర్తు సరిగా పడలేదన్నమాట, దాని బోల్టు కింద పెయింటు గీకించండి.

హ్యాండిలు ప్రశ్నకి ఇక జవాబు అక్కర్లేదు. వైర్లన్నీ మారితే ఆ ప్రశ్నే ఉండదు.

రూతు


చినలంక
2024 ఆగస్టు 4

ప్రియమైన రూతుకు,

వెలుగు కలిగింది!

జోగారావు పొద్దున్నే ఇంజను పక్క మూత విప్పి పాత కాయిల్స్ బయటికి తీశాడు. కాల్చిన వంకాయల్లా ఉన్నాయి. నీ కొత్త స్టేటర్ బిగించి, టూల్ బాక్సు వెనక రెగ్యులేటర్ పెట్టి, నువ్వు చెప్పినట్టే పెయింటు గీకి, మధ్యాహ్నానికి కిక్కు కొట్టాడు. మీటరు పద్నాలుగు దగ్గర నిలబడింది. దీపం వేస్తే ఎదుటి కొట్టు గోడ పట్టపగలే తెల్లబడింది! సూది కుడి పక్కకి ఒరిగి, మర్యాదస్తుడిలా మళ్ళీ మధ్యకి వచ్చి కూర్చుంది. నేను రోడ్డు మీదే చేతులెత్తి స్తోత్రం చేశాను. ఆటోవాళ్ళు నవ్వారు. నవ్వనీ.

ఒక్కటి తప్ప అన్ని వైర్లూ మార్పించాను. ఆ ఒక్కదాని దగ్గర జోగారావు నాతో పోట్లాడాడు. "ఏవండీ అయ్యగారూ, ఒళ్ళంతా కొత్త నరాలేయించుకుని మెడ దగ్గర పాత నరం ఉంచమంటారేంటండీ?" అన్నాడు. ఉంచమన్నాను. అది వాడికి చెప్పేది కాదు, నీకు చెప్తాను. బ్యాటరీ నుంచి పైకొచ్చి హ్యాండిలు మెడ చుట్టూ తిరిగి అమ్మీటరుకి వెళ్ళే వైరు అది. దానికి అన్నయ్య తన చేత్తో గుడ్డ చుట్టాడు. అమ్మ నీలం చీర ముక్క. ఎర్ర పువ్వు కూడా కొంచెం కనబడుతోంది. అమ్మవి మా ఇంట్లో ఇంకేవీ మిగల్లేదు. అన్నయ్య చేతి పనులూ ఇంకేవీ మిగల్లేదు. అది ఎలా విప్పమంటావు?

ఇక విను. ఆ సాయంకాలమే ఇంటికి బయలుదేరాను. మండవల్లి దాటాక గట్టు ఎక్కితే దారి పొడుగునా గడ్డిపోచ గడ్డిపోచా కనబడుతోంది. కొంగలు లేచి రెక్కలు తెల్లగా మెరిశాయి. తూము మలుపు వచ్చింది. మొదటి గేరు వేశాను. "నెల్సను అన్నయ్యా, చూడు, మీ అమ్మాయి పంపిన వెలుగు" అని పైకే అన్నాను.

ఆరిపోయింది.

కొత్త బ్యాటరీ, కొత్త కాయిల్స్, కొత్త బల్బు. ఆరిపోయింది తల్లీ. ఇక ఇది కరెంటు కాదు. ఏలినవాని నామంలో గద్దించబోయాను, నోరు రాలేదు. మారువేషం వేసుకుని ఏన్దోరు స్త్రీ దగ్గరికి చచ్చినవాడితో మాట్లాడ్డానికి వెళ్ళిన రాజు మీద నేను ఎన్ని ఊళ్ళలో ఉరిమాను! అదే నేను బండి దిగి, ఆ చీకట్లో గట్టున కూర్చుని, "ఏం కావాలన్నయ్యా?" అని అడిగాను. చాలాసేపు కూర్చున్నాను. నిజం చెప్తున్నాను, అది నాకు హాయిగా ఉంది.

ఇప్పుడు రోజూ కూర్చుంటున్నాను. పని లేకపోయినా వెళ్తున్నాను.

ఎవరికీ చెప్పకు.
సీమోను


తాడేపల్లిగూడెం
2024 ఆగస్టు 10

బాబాయ్ గారూ,

మీ మీద కోపం తెచ్చుకోవడానికి కూడా తీరిక లేదు. భయంగా ఉంది. ఇది చదివిన వెంటనే చెయ్యండి, పట్టపగలు, ఇంటి ముందు.

బండిని స్టాండు వెయ్యండి. తాళం తిప్పి, ఇంజను నడపకుండా దీపం వెయ్యండి. సూది ఎడమకి వాలుతుంది, దీపం వెలుగుతుంది. ఇప్పుడు హ్యాండిలుని మెల్లగా, ఆగేదాకా పూర్తిగా ఎడమకి తిప్పండి. సూదినే చూస్తూ ఉండండి. తర్వాత తిన్నగా పెట్టండి.

మీ దారిలో హ్యాండిలు పూర్తిగా ఎడమకి తిరిగే చోటు ఆ తూము మలుపు ఒక్కటే. మిగతా లంక దారులన్నీ గీత గీసినట్టు ఉంటాయి. ఆ రోజు ఎడమా కుడా అని అడిగింది ఇందుకు.

ఏం జరిగిందో అది మాత్రం రాయండి. వాక్యం వద్దు. ఆ వైరు కోసి, గుడ్డ విప్పకుండా అలాగే పార్సిల్ చెయ్యండి. అప్పటిదాకా బండి ఎక్కవద్దు. ఆ మలుపులో అస్సలు కూర్చోవద్దు.

రూతు


చినలంక
2024 ఆగస్టు 16

రూతూ,

వాక్యం వద్దన్నావు. రాయను.

తాళం తిప్పాను. దీపం వెలిగింది. సూది వాలింది. ఎడమకి తిప్పాను. చివరంటా తిప్పాక సూది మధ్యకి వచ్చేసింది. దీపం ఆరింది. తిన్నగా పెట్టాను, వెలిగింది. ఎడమకి తిప్పాను, ఆరింది. తిన్నగా, వెలిగింది.

ఇంటి ముందు, ఎండలో. కోళ్ళు తిరుగుతున్నాయి. అన్నయ్య ఎక్కడా లేడు.

ఎన్నిసార్లు తిప్పానో నాకు తెలియదు. పాపాయమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని, "చాలండి, ఇక చాలండి" అనేదాకా తిప్పాను.

వైరు కోసి పంపుతున్నాను. గుడ్డ విప్పలేదు.

సీమోను


తాడేపల్లిగూడెం
2024 ఆగస్టు 24

బాబాయ్,

వైరు వచ్చింది. లాబులో అందరూ వెళ్ళిపోయేదాకా విప్పలేదు.

లోపల రాగి పోగులన్నీ తెగి ఉన్నాయి. మెడ దగ్గర ఇనుముకి రాసుకుని రాసుకుని పై రబ్బరు ఎప్పుడో పోయింది. తిన్నగా ఉంటే తెగిన కొసలు ఒకదానికొకటి తాకుతాయి, కరెంటు పారుతుంది. పూర్తిగా ఎడమకి తిప్పితే విడిపోతాయి. అంతే. మీరు అడిగిన దూత అదే.

ఇప్పుడు గుడ్డ. అది నాయనమ్మ చీర కాదు. నా ఏప్రన్. ఐ.టి.ఐ.లో చేరిన కొత్తలో ఇచ్చిన నీలం ఏప్రన్. మీరు చూసినది పువ్వు కాదు, జేబు మీద ఎర్ర దారంతో నేను కుట్టుకున్న నా పేరు, అందులో సగం. ఆ ఈస్టరుకి ఊరొచ్చినప్పుడు చిరిగిపోయిందని నాన్న కిటికీలో వదిలేసి వచ్చాను, చేతులు తుడుచుకుంటారని. వారం తిరక్కుండానే నాన్న పోయారు.

అంటే ఆ వారంలోనే నాన్న ఆ వైరు బలహీనపడిందని చూశారు. నా ఏప్రన్ చింపి చుట్టారు. చుట్టి ఊరుకోలేదు బాబాయ్, వాన నీళ్ళు దిగకుండా కొవ్వొత్తి మైనం పూశారు. నా గోటికి ఇంకా అంటుకుంటోంది. పైన రబ్బరు పోయిందనే అనుకుని ఉంటారు, లోపల పోగులు తెగాయని తెలియదు.

చావాలనుకున్న మనిషి వైరుకి మైనం పూస్తాడా?

మొదటి గేరులో పాకుతూ ఎడమకి తిప్పారు. చీకటైపోయింది. మలుపు ఎక్కడ ఆగుతుందో కనబడలేదు. తాబేలులా ఈదితే ఏం లాభం, కాలు మీద బండి పడి, బండి కింద బురద ఉంటే? "బండిని పైకి లేపితే గానీ దొరకలేదు" అని మీరే రాశారు. రాసి, మీరే చదువుకోలేదు.

నేనూ చదవలేదు. మీరు అనకముందే నేనూ మనసులో అదే అనుకున్నాను. అందుకే మీ మీద అంత కోపం వచ్చింది.

కొత్త వైరు పంపుతున్నాను. హ్యాండిలు తిరగడానికి వీలుగా కొంచెం వదులు ఉంచి కట్టమనండి. గుడ్డ నా దగ్గర ఉంచుకుంటున్నాను.

రూతు


చినలంక
2024 సెప్టెంబరు 8

నా తల్లి రూతుకు,

జోగారావు కొత్త వైరు వేశాడు. వదులు ఉంచాడు. ఎడమకీ కుడికీ చివరంటా తిప్పి చూపించాడు. దీపం రెప్ప వెయ్యలేదు.

మొన్న ఆదివారం ప్రార్థన ఇంట్లో నిలబడి, బోధ పక్కన పెట్టి, ఒక్క సంగతే చెప్పాను. "నెల్సను తన దీపం ఆర్పుకోలేదు. ఆరిపోయింది. ఆర్పుకున్నాడని నేను చెప్పాను, మీరు నమ్మారు" అన్నాను. ఎవరూ ఆమెన్ అనలేదు. వెనక ఎవరో కుర్చీ జరుపుకున్నారు. "నీ తోబుట్టువు ఎక్కడ" అని దేవుడు కయీనుని అడిగిన ప్రశ్న నన్ను అడిగితే, అన్నయ్యకి కావలి ఉన్నానని ఏ మొహంతో చెప్పను? కావలి కుక్కనై ఉండి, కాపాడవలసినవాడి మీదే మొరిగాను.

సాయంకాలం పాపాయమ్మని వెనక ఎక్కించుకుని గట్టు మీదికి వెళ్ళాను. నీ పన్నెండు వోల్టుల వెలుగు తూము చెక్కల మీద పడింది, నాచు మీద పడింది, నీళ్ళ మీద పడింది. హ్యాండిలు పూర్తిగా ఎడమకి తిప్పాను. కళ్ళు మూసుకున్నాను రూతూ, బండి మీద ఉండి కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి మలుపు దాటేశాం. ఇంజను మోగుతూనే ఉంది.

బండి ఆపి వెనక్కి నడిచాను. పాపాయమ్మ నీళ్ళ వైపు చెవి పెట్టి చాలాసేపు నిలబడింది. "ఇవాళ ఆయన లేరండి" అంది. "దీపం వెలుగుతోంటే ఎందుకొస్తారండీ పాపం."

నేను బండి దగ్గరికి వెళ్ళి నా చేత్తోనే తాళం తిప్పి ఆర్పాను. చీకటి వచ్చింది. నిశ్శబ్దం కూడా వచ్చింది. అంతా అలాగే ఉంది. అతను మాత్రం రాలేదు. నువ్వు పంపిన వైరు నా ప్రాణం కాపాడింది తల్లీ. నా అన్నని రెండోసారి తీసుకుపోయింది. దయ్యాలు లేవని ముప్పై ఊళ్ళలో చెప్పినవాణ్ణి, ఆ గట్టున కూర్చుని పసివాడిలా ఏడ్చాను, దయ్యం లేదని.

అన్నయ్య సమాధి దగ్గర గడ్డి చెక్కించాను. ప్రార్థన మాత్రం ఇంకా చెయ్యలేదు. ఆ రోజు నా నోరు మూతపడింది నీ ఎదుట. తెరుచుకోవలసిందీ నీ ఎదుటే. పాట పాపాయమ్మ ఎత్తుకుంటానంది, గొంతు సరిగా లేదు గానీ.

మండవల్లి స్టాపు దగ్గర బండితో నిలబడతాను. ఏ రోజైనా సరే, ఏ బస్సైనా సరే. కావాలంటే మలుపులో హ్యాండిలు నువ్వే పట్టుకో. నేను వెనక కూర్చుంటాను. దీపం ఆరదు, అది నాకంటే నీకే బాగా తెలుసు.

అన్నయ్య ఇక రాడు. నువ్వు రా.

నీ
సీమోను బాబాయి